గ్రంథాలయమంటే పుస్తకాల కొట్టు కాదు, జనం కూడే చోటు
(దిండిలో విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాద్ గ్రంథాలయాల ముచ్చట వసిష్ఠ గోదావరి ఒడ్డున ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ఎందుకంటే ఆ గ్రంథాలయాలు ఒక్క నగరానివి కావు. రాజోలు, మలికిపురం, అమలాపురం నుంచి పట్టా పట్టుకుని బస్సెక్కిన పిల్లలు ఎందరో అశోక్‌నగర్‌లో అద్దె గది తీసుకుని చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయంలో చదువుకున్నారు. పాలమూరు పిల్లవాడు, కోనసీమ పిల్లవాడు ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు. ఇంకో కారణమూ ఉంది. గ్రంథాలయోద్యమ పితామహుడని మనం చెప్పుకునే అయ్యంకి వెంకటరమణయ్య 1890లో పుట్టింది మీ తూర్పు గోదావరిలోని కొంకుదురులోనే. కాబట్టి పరాయి ఊరి కథ చెప్పడానికి మేం రాలేదు. మీది మీకు గుర్తు చేయడానికి వచ్చాం.

ముందు చరిత్ర చూద్దాం. 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు దాని వెనుక నిలబడ్డారు. అప్పుడు రాజ్యం నిజాంది. బడి, కచేరీ, కోర్టు అన్నీ ఉర్దూలో నడిచేవి. తెలుగు మాట్లాడితే చిన్నచూపు. అలాంటి నగరంలో తెలుగు పుస్తకానికి ఒక ఇల్లు కావాలన్నారు. మూడేళ్లకే, 1904లో, హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిసింది. 1905లో సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చింది.

ఇవి ఒట్టి పుస్తకాల అరలే అయితే చరిత్రలో ఒక పంక్తికి మించి చోటు దొరికేది కాదు. అక్కడికి మనుషులు వచ్చారు. పత్రిక ఒకరు చదివితే పదిమంది విన్నారు. వార్షికోత్సవాలు జరిగాయి, ఉపన్యాసాలు జరిగాయి. 1921లో హైదరాబాద్‌లో ఒక సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. ఆ సంఘం చేపట్టిన మొదటి పనుల్లో ఊరూరా గ్రంథాలయాలు, పఠన మందిరాలు పెట్టడం ఒకటి. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలన్న గస్తీ నిషాన్ 53 నెత్తిన ఉన్న రోజులవి. రాజకీయ సభకు దారి మూసుకున్నప్పుడు చదువు పేరుతో జనం కూడారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగిందంటే, అంతకుముందు ఇరవై తొమ్మిదేళ్లు గ్రంథాలయాలు నేల దున్నాయి కాబట్టే జరిగింది.

వట్టికోట ఆళ్వారుస్వామిని తలుచుకోండి. హోటల్లో పనిచేసిన మనిషి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చు వేశాడు. వాటిని మోసుకుని ఊరూరా తిరిగాడు. పాఠకుడు పుస్తకం దగ్గరకు రాలేకపోతే పుస్తకమే పాఠకుడి దగ్గరకు పోవాలన్నది అతని పట్టుదల.

మీ వైపూ ఆ పట్టుదలకు కొదవలేదు. 1914లో అయ్యంకి వారు పూనుకుని బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిపించారు. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయాన్ని పెద్దలు కంటికి రెప్పలా కాపాడారు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. పడవ, కాలువ, రేవు అంటే ఏమిటో మీకు ఒకరు చెప్పాలా? కొబ్బరికాయలు మోసిన కాలువలు పుస్తకాలు మోయలేవా?

ఇక ఇవాళ్టి సంగతికి వద్దాం. అఫ్జల్‌గంజ్‌లో ఉన్న, 1891లో అసఫియాగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి పొండి, చిక్కడపల్లికి పొండి. కుర్చీ దొరకదు. తలుపులు తెరవకముందే వరుస. సంచిలో సొంత పుస్తకాలు, అన్నం డబ్బా, నీళ్ల సీసా. నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్, ఒకదాని తర్వాత ఒకటి. ఆ పిల్లలను మేం తప్పుపట్టం. గదిలో నలుగురు పడుకునే చోట చదువుకునే జాగా ఉండదు. వాళ్లకు గ్రంథాలయమే ఇల్లు. ఆ చెట్ల కింద జరిగే చర్చలే వాళ్ల రాజకీయ పాఠశాల. 2024 అక్టోబర్‌లో గ్రూప్-1 అభ్యర్థులు అశోక్‌నగర్‌లో రోడ్డెక్కారంటే, ఒకచోట కూర్చుని చదివినవాళ్లు ఒకచోట నిలబడటం నేర్చుకున్నారన్నమాట.

కానీ ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. పోటీ పరీక్షల హాలుగా మాత్రమే మిగిలితే అది సగం గ్రంథాలయమే. పిల్లల కథలేవి? ఆడవాళ్లు నిమ్మళంగా కూర్చునే గది ఏది? చదువు రాని ముసలాయనకు పత్రిక చదివి వినిపించేవాళ్లు ఏరి? ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు చేస్తారు. దండలు, దీపం, వ్యాసరచన పోటీ, బహుమతులు, ఫొటో. ఇరవై ఒకటో తారీఖున ఆ గదికి తాళం పడితే ఆ వారోత్సవం ఎవరి కోసం?

డబ్బుల్లేవంటారు. అబద్ధం. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు వసూలవుతోంది. దిండిలో పెంకుటిల్లు ఉన్నవాడూ కడుతున్నాడు, హైదరాబాద్‌లో మేడ ఉన్నవాడూ కడుతున్నాడు. ఆ పైసలు పంచాయతీ నుంచి, మునిసిపాలిటీ నుంచి గ్రంథాలయ సంస్థకు చేరాలి. చేరకుండా బకాయి పడుతున్నాయన్న మాట రెండు రాష్ట్రాల్లోనూ వింటున్నాం. పుస్తకం పేరు మీద వసూలు చేసిన పైసను వేరే పనికి వాడుకోవడం పాఠకుడి జేబు కొట్టడం కాదా? ఉద్యోగ మిత్రులారా, ఫైలు ఎక్కడ ఆగుతుందో మీకు తెలుసు. రిటైరైన గ్రంథపాలకుడి కుర్చీ ఎందుకు ఖాళీగా ఉంటుందో కూడా మీకు తెలుసు.

ఇంకొక్క మాట. 2022 ఏప్రిల్‌లో మీ జిల్లా ఏర్పడింది. అంబేడ్కర్ పేరు పెట్టే విషయంలో అదే ఏడాది మే నెలలో అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. ఆ పేరు నిలిచింది, మంచిదే. అయితే ఆ మహానుభావుడు బొంబాయిలో రాజగృహ కట్టుకున్నది తన పుస్తకాలకు చోటు చాలకనే అన్నది ఎందరికి తెలుసు? బోర్డు మీద ఆయన పేరు రాసి, గ్రంథాలయం తలుపుకు తాళం వేస్తే అది గౌరవమా? అన్ని పేటల పిల్లలూ ఒకే బల్ల మీద మోచేతులు ఆనించి చదివే చోటు ఊళ్లో ఒక్కటైనా ఉంటే, మనుషుల మధ్య నిప్పు పెట్టడం అంత తేలిక కాదు.

మరి ఏం చేయాలి? మేం పెద్ద పెద్ద మాటలు చెప్పం. మూడే పనులు.

ఒకటి. 2005 సమాచార హక్కు చట్టం కింద మీ పంచాయతీకి దరఖాస్తు పెట్టండి. గ్రంథాలయ సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు, ఏ తేదీన చేశారు అని అడగండి. జవాబును ఊరి కూడలిలో అంటించండి.

రెండు. వారానికి ఒక సాయంత్రం చదివి వినిపించే సభ పెట్టండి. దింపు తీసేవాళ్లు, కాయ ఒలిచేవాళ్లు, చెరువుల మీద పనిచేసేవాళ్లు పొద్దు వాలాకే రాగలరు. తలుపులు వాళ్ల వేళకు తెరవాలి, ఆఫీసు వేళకు కాదు.

మూడు. నగరంలో చదివి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు ఆ పరీక్షల పుస్తకాలను ఊరికి పంపండి. వాటితో పాటు ఒక కథల పుస్తకం, ఒక చరిత్ర పుస్తకం కూడా పంపండి.

1901లో ఒక ఇంటి గదిలో పెట్టిన పుస్తకాలు ఒక జాతి చేత నోరు తెరిపించాయి. గది చిన్నదే. వచ్చిన జనం మాత్రం పెద్దవాళ్లు. మన ఊళ్లో గది ఉంది, చట్టం ఉంది, మనం కట్టిన పైసలున్నాయి. ఇక రావాల్సింది మనమే. వద్దాం, కూర్చుందాం, అడుగుదాం!