బోర్డు మీద ఖాళీగా ఉన్న ఏడాది
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాకిచ్చిన అంశం ‘విద్యార్థి నాయకత్వం’, ఇచ్చిన సమయం పది నిమిషాలు. యాభై ఏళ్ళ నాయకులు పది నిమిషాల్లో ఇమడరు కాబట్టి రెండేళ్ళ సంగతే చెబుతాను.

హెడ్మాస్టరు గారి గది పక్క వరండాలో స్కూలు లీడర్ల పేర్ల బోర్డు ఉంది. పొద్దున్న వచ్చీ రాగానే మీలో చాలామంది దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. అందులో 2020–21 ఎదురుగా ఖాళీ ఉంది, ఆ ఏడు ఎన్నిక జరగలేదు గనక. ఈ ఉత్సవానికి బోర్డుకు రంగు వేయిస్తూ కమిటీ వాళ్ళు “మాస్టారూ, అక్కడ ఎవరి పేరు రాయమంటారు?” అని నన్నడిగారు. అప్పుడు జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

2020 మార్చి 19 నుంచి మన రాష్ట్రంలో బడులు మూసేశారు. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. పదో తరగతి పరీక్షలు వాయిదా పడి పడి జూన్‌లో రద్దయ్యాయి. తొమ్మిది, పది తరగతులకు మళ్ళీ గంట కొట్టింది నవంబరు 2న. 2021లో రెండో అల వచ్చింది, మళ్ళీ పరీక్షలు రద్దు, ఆగస్టు 16 దాకా మళ్ళీ తాళం. సామర్లకోట వాళ్ళం రైలు కూతతో నిద్ర లేచేవాళ్ళం. ఆ వేసవిలో గూడ్సు రైళ్ళు తప్ప జంక్షన్ బోసిపోయింది. వీధుల మొదట్లో వెదుళ్ళు అడ్డం కట్టేశారు. కేసుల లెక్కలో మన జిల్లా రాష్ట్రంలోనే ముందు వరసలో ఉండేది.

పిల్లల్ని మూడు జాబితాలుగా రాయమని మాకు ఆదేశం వచ్చింది. ఇంటర్నెట్ ఉన్న ఫోనో కంప్యూటరో ఉంటే హైటెక్. టీవీయో రేడియోయో మాత్రమే ఉంటే లోటెక్. ఏదీ లేకపోతే నోటెక్. మొదటి జాబితాకు వాట్సాప్ గ్రూపు, రెండోదానికి దూరదర్శన్ సప్తగిరిలో ‘విద్యామృతం’ పాఠాలు. మూడో జాబితా పిల్లల పేర్లు రాయడం తేలికే, వాళ్ళకు పాఠం చేర్చడమెలా?

నిజానికి మొదటి జాబితా కూడా కాగితం మీద ఉన్నంత పెద్దది కాదు. అసర్ సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో, బడిలో పేరున్న పిల్లల ఇళ్ళలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతమైతే 2020కి 61.8 శాతం. బాగానే పెరిగాయి. కానీ ఇంట్లో ఫోను ఉండటం వేరు, పిల్ల చేతిలో ఉండటం వేరు. మా గ్రూపులో చాలామందికి ఫోను నాన్న జేబులో ఉండేది. నాన్న పనికి వెళితే దాంతోపాటు పాఠమూ వెళ్ళిపోయేది. రాత్రి తొమ్మిదిన్నరకు నీలం గీతలు పడేవి, అంటే నాన్న ఇంటికొచ్చాడని నాకు తెలిసేది.

ఆ తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. పేరు చెప్పొద్దంది, చెప్పను. క్లాస్ లీడరు కాదు, ఎప్పుడూ చెయ్యెత్తేది కాదు. ఫోను చేతికందిన ఆ రాత్రి గంటలో నేను పెట్టిన లెక్కలన్నీ నోటు పుస్తకంలో ఎక్కించేది. తెల్లారి తమ అరుగు మీద కార్బన్ పేపరు పెట్టి ఇంకో రెండు ప్రతులు తీసేది. మధ్యాహ్న భోజనం బదులు బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇచ్చేవాళ్ళం గదా, అవి తీసుకెళ్ళే తల్లుల సంచుల్లో ఆ కాగితాలు వెళ్ళేవి. చేసిన లెక్కలు మళ్ళీ సంచుల్లోనే తిరిగొచ్చేవి. కొన్నిటికి గుడ్డు సొన అంటుకుని ఉండేది. ఇలా జరుగుతోందని నాకు తెలిసేసరికి పద్ధతి మొత్తం స్థిరపడిపోయింది. ఒక రోజు మాస్కు కట్టుకుని వాళ్ళ వీధికి వెళితే అరుగు మీద ఎడం ఎడంగా అయిదారుగురు చిన్నపిల్లలు. “ఎవరు చెప్పమన్నారమ్మా నిన్ను?” అంటే “ఎవరూ చెప్పలేదండి, రోజూ వచ్చేత్తన్నారండి, ఆయ్” అంది.

పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు చెప్పడం మన నేలకు కొత్త కాదు. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ పాదిరి 1789 నుంచి కొన్నేళ్ళు మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర బడి నడిపాడు. మన దక్షిణాది వీధి బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి తన బడిలోనూ అలాగే దిద్దించాడు, పెద్ద పిల్లల చేత చిన్నవాళ్ళకు చెప్పించాడు. 1797లో ఆ సంగతంతా లండన్‌లో అచ్చు వేస్తే ‘మద్రాసు పద్ధతి’ పేరుతో ఇంగ్లండులో పాకిపోయింది. ఆ బడుల్లో మానిటర్ అంటే పాఠం చెప్పే పిల్లవాడు. అల్లరి చేసేవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసే ఉద్యోగం మనం తరవాత అంటగట్టాం. కరోనా కాలంలో తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాలు ‘విలేజ్ లెర్నింగ్ సర్కిల్స్’ అని ఇదే పనిని ఒక కార్యక్రమంగా చేశాయి. ఊళ్ళకు వెళ్ళిపోయిన పెద్ద తరగతుల పిల్లలే చుట్టుపక్కల చిన్నవాళ్ళను కూర్చోబెట్టి చెప్పారు. అక్కడ దానికో పేరుంది, పై నుంచి అండ ఉంది. మన పిల్లలకు ఆ రెండూ లేవు.

నవంబరు 2న బడి తెరిచినప్పుడు ఇంకో రకం నాయకత్వం చూశాను. హాజరు పట్టీలో పిలిస్తే పలకని పేర్లు చాలా ఉన్నాయి. పదో తరగతి కుర్రాడొకడు, టీవీ పాఠాలకు తన కిటికీ బయట నలుగురికి చోటిచ్చినవాడు, సాయంత్రం నా దగ్గరకొచ్చి “రానోళ్ళు ఎక్కడున్నారో నాకు తెలుసండి” అన్నాడు. ఒకడు తాపీ పనిలో, ఒకడు లారీ మీద క్లీనరుగా, ఒకడు తాతగారి ఊళ్ళో. రోజుకొకరి దగ్గరకు సైకిలేసుకుని వెళ్ళాడు. పెద్దవాళ్ళం వెళితే తండ్రులు మొహమాటానికి “పంపుతామండి” అంటారు, పంపరు. వీడు తండ్రితో మాట్లాడకుండా నేరుగా స్నేహితుడితో మాట్లాడేవాడు. ఇద్దరు వచ్చారు. మూడోవాడు రాలేదు, ఇప్పటికీ లారీ మీదే ఉన్నాడు, ఇప్పుడు డ్రైవరు. ఒక ఆడపిల్ల పెళ్ళి మాత్రం ఎవరికీ తెలియకుండా అయిపోయింది. ఆ సంగతి చెబుతూ ఆ కుర్రాడు తల పైకెత్తలేదు.

ఇక కమిటీ ప్రశ్న. ఆ ఖాళీలో ఒక్క పేరు రాయొద్దని నా మనవి. ఒకరిని ఎంచితే మిగతా అరుగులన్నీ మరుగున పడతాయి. ఖాళీని అలాగే ఉంచి, కింద ‘ఈ ఏడు బడి పిల్లల ఇళ్ళ దగ్గర నడిచింది’ అని చిన్న అక్షరాలతో రాయించండి.

రెండో మాట డబ్బుకు సంబంధించింది. మన సంఘం ఏటా పదో తరగతి పరీక్ష మార్కులను బట్టి పారితోషికం ఇస్తుంది. 2020, 2021 బ్యాచ్‌లకు పరీక్ష లేదు గనక ఇవ్వలేదు. నియమం ప్రకారం సరే. కానీ అందరూ పాస్ అన్నందుకు ఆ పిల్లలు ‘కరోనా బ్యాచ్’ అని ఇంటర్లో పడ్డారు, డిగ్రీలో పడ్డారు, ఉద్యోగం ఇంటర్వ్యూలో కూడా పడ్డారు. పడ్డారంటే తప్పారని కాదు, మాట పడ్డారని. ఆ రెండేళ్ళ మొత్తం ఖర్చు కాకుండా బ్యాంకులోనే ఉందని కోశాధికారి గారు చెప్పారు. మధ్యలో చదువు ఆగిపోయి, ఓపెన్ స్కూల్లో పరీక్ష కట్టాలనుకునే ఆ బ్యాచ్‌ల పిల్లలకు ఫీజు కింద దాన్ని వాడండి. ఎవరెవరో, ఎక్కడెక్కడున్నారో ఆ సైకిలు కుర్రాడికి ఇప్పటికీ తెలుసు. వెనక వరసలో కూర్చున్నాడు, భోజనాల దగ్గర పట్టుకోండి, లేకపోతే వడ్డనలోకి దూరిపోతాడు.

సంచుల్లో తిరిగిన ఆ కాగితాలు కొన్ని దాచాను. లైబ్రరీ గదిలో బల్ల మీద పెట్టాం. కార్బన్ కాపీలు కదా, చెమట చేతులతో పట్టుకుంటే అక్షరాలు అలుక్కుపోతాయి. అంచులు పట్టుకుని చూడండి.