పాత సరకుబండి – ఇంజను పరిమాణము



పాత సరకుబండిని కొనఁబోవువాఁడు ముందుగా ధర నడుగును. మోయవలసిన బరువును తలంపఁడు. ఈ పొరపాటు నేనును చేసితిని. ధర తక్కువ, డీజిలు ఖర్చు తక్కువ యని మా తమ్ముని కుమారునిచేత చిన్నబండిని నేనే కొనిపించితిని. వాఁడు ధాన్యపు బస్తాలను మితిమీఱి వేసి యేటిగట్టు నెక్కించెడివాఁడు. రెండవయేఁటనే యింజను విప్పవలసివచ్చెను. ఏండ్లతరబడి లెక్కలు చెప్పిన నేను బస్తాలను లెక్కింపనైతిని!

2005లో వెలువడిన టాటా ఏస్ బండికి రెండు సిలిండరులు, 702 సి.సి.; అది మోయునది ముప్పాతిక టన్ను. మహీంద్రా బొలేరో పికప్పులలో మిక్కిలి వాడుకయందున్న యింజనునకు నాలుగు సిలిండరులు, 2523 సి.సి.; ఆ బండి టన్నునకు మించి మోయును. పాలకు, కూరగాయలకు, చదునుబాటకు చిన్నది చాలును. ధాన్యమునకు, ఎరువులకు, గట్టుదారికి పెద్దది కావలెను. లేఁగదూడ మెడపై కాడి పెట్టరాదు. నాలుగు పాలబిందెలకు జోడెద్దులును వలదు.

పాతబండియందు మఱియొక విశేషము కలదు. పెద్ద యింజనైనను అతిభారమున నలిగినది కొనఁదగదు. కావున తెల్లవాఱుజామున, చల్లగా నున్నపుడే, మీ యెదుట దానిని నడిపింపుఁడు. విడువక నీలిపొగ వచ్చెనేని యింజను నూనె కాలుచున్నదని గ్రహింపుఁడు. పిమ్మట బరువుతో మిట్ట నెక్కించి చూడుఁడు.

ముందు బరువును తూఁచుఁడు. తరువాత దారిని చూడుఁడు. కడపట ధర నడుగుఁడు. సెలవు.