తూర్పుదేశపు మతములు: పోలికలు, భేదములు
(రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



మతములనుగూర్చి మాటాడుమని కార్యదర్శిగారు కోరినపుడు నేను కొంత సంకోచించితిని. అన్ని మతములును చెప్పునది ఒక్కటే యనుట మన సభలలో పరిపాటి. ఆ మాట సద్భావముతో అనునదే. కాని ఇంపుగా నున్నంతమాత్రమున అది నిజము కానేరదు.

బుద్ధునీ, వర్ధమాన మహావీరునీ చూడుడు. ఇరువురును క్షత్రియ కుటుంబములవారు. ఇల్లు విడిచి మగధప్రాంతమున సంచరించినవారు. ఇరువురును యజ్ఞములందలి పశుహింసను నిరసించిరి. సృష్టికర్తను ఆశ్రయింపకయే ముక్తిమార్గమును బోధించిరి. కర్మను, పునర్జన్మను అంగీకరించిరి. ఇంత పోలిక చూచి రెండును ఒకే మతమని తొలుత భ్రమించిన పాశ్చాత్య పండితులును కలరు.

అయినను మూలముననే భేదమున్నది. జైనుల మతమున ప్రతి ప్రాణియందును నిత్యుడగు జీవుడు కలడు. కర్మ యనునది సూక్ష్మమైన ద్రవ్యము. నూనె పూసిన ఒంటికి ధూళి అంటినట్లు జీవునికి అంటుకొనును. దానిని రాల్చుటకు తపస్సు కావలెను. అందుచేతనే కఠినోపవాసములు; అందుచేతనే మునులు చీపురుతో నేల తుడిచి అడుగుపెట్టుట. నిష్ఠగల జైన గృహస్థులు ప్రొద్దుగ్రుంకిన పిదప భుజింపరు, దుంపలను ముట్టరు.

బుద్ధుడో, నిత్యమైన ఆత్మయే లేదనెను. ఒక దీపమునుండి మరియొక దీపము వెలిగినట్లు జన్మపరంపర సాగునని బౌద్ధులు చెప్పుదురు. వారికి కర్మ యనగా సంకల్పము. ఆరేండ్లు దేహమును శోషింపజేసికొని, అది నిష్ఫలమని గ్రహించి, మధ్యమమార్గమును పట్టినవాడు బుద్ధుడు. సింహళ, బర్మా దేశముల భిక్షువులు మధ్యాహ్నము దాటిన పిమ్మట భుజింపరు. కాని తమకొరకై చంపనిదైనచో భిక్షాపాత్రలో పడిన మాంసమును వారు స్వీకరింపవచ్చును. చీనాలోని బౌద్ధ సన్న్యాసులు శాకాహారులు. చూచితిరా, ఆత్మనుగూర్చిన చర్చ వంటయింటివరకు వచ్చినది!

మన వేదాంతులలో శంకరుని దారి వేరు, రామానుజుని దారి వేరు. ఆత్మ కలదనుటలో మాత్రము ఇరువురికిని భేదము లేదు.

ఇక సిక్కుమతము. గురు నానక్ (1469–1539) నిరాకారుడగు ఏకేశ్వరుని బోధించెను. పునర్జన్మను ఒప్పెను, సన్న్యాసమును ఒప్పడయ్యెను. కష్టించి సంపాదించుట, పంచుకొని తినుట ఆయన చూపిన దారి. గురుద్వారపు లంగరులో కులభేదము లేక అందరును ఒకే పంక్తిని కూర్చుండి భుజింతురు. జపానులో శిశువును షింటో దేవాలయమునకు కొనిపోయి, మరణించినపుడు బౌద్ధ పురోహితుని పిలుచు కుటుంబములు అనేకములు. అది వారికి వింత కాదు.

మనకును వింత కానక్కరలేదు. నాగార్జునకొండను ఏలిన ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధము చేసినవాడు. ఆయన సోదరి శాంతిశ్రీ అచ్చటి బౌద్ధ మహాచైత్యమునకు స్తంభములు నిలిపినది. అన్న యజ్ఞశాలలో, చెల్లెలు చైత్యములో! తమ రెండు దారులును ఒక్కటేయని వారు శాసనములలో వ్రాయించుకొనలేదు. 1954 నుండి 1960 వరకు జరిగిన త్రవ్వకములలో చైత్యములు, విహారములతోపాటు హిందూ దేవాలయములును, అశ్వమేధపు అవభృథస్నానమునకైనదని చెప్పబడు కట్టడమును బయల్పడినవి. సాగరు నీటిలో ఆ లోయ మునుగకముందే కొన్ని కట్టడములను కొండపై తిరిగి నిర్మించిరి.

1956 అక్టోబరు 14న నాగపురమున డాక్టరు అంబేద్కరు లక్షలాది జనముతో బౌద్ధమును స్వీకరించెను. నాటి ఇరువదిరెండు ప్రతిజ్ఞలలో, బుద్ధుడు విష్ణువు అవతారమని నమ్మననునది ఒకటి. బుద్ధుని దశావతారములలో చేర్చి గౌరవించితిమని మనము తలంతుము. ఆ చేర్పునే వారు నిరాకరించిరి. ఎందుకు నిరాకరించిరో వారి గ్రంథములలోనే చదువవలెను. అంబేద్కరు రచించిన 'బుద్ధుడు, ఆయన ధర్మము' అను గ్రంథము, ఆయన గతించిన మరుసటి యేడు, 1957లో వెలువడినది. మన బీరువాలో గీతాభాష్యముల ప్రక్కన దానికిని చోటీయవలసినదని కార్యదర్శిగారిని కోరుచు సెలవు తీసికొందును.