రాయి చేసిందేది, రాజ్యం చేసిందేది

(డిగ్రీ కాలేజీ జియాలజీ మొదటి సంవత్సరం విద్యార్థుల స్వాగత సభలో ఒక పాత్రికేయుని ప్రసంగ పాఠం)



మీల చాలామంది ఈ జియాలజీ కోరి తీసుకోలేదని నాకు తెలుసు. దోస్త్‌ల ఆప్షన్లు పెడితే కంప్యూటర్స్ రాలే, ఇది వచ్చింది. నేను కూడ కోరుకున్న సీటు రాక చేరినోన్నే. మొదటిసారి ఊరికి పోయినప్పుడు మా నాయిన "ఏం చదువు బిడ్డా" అని అడిగిండు. "రాళ్ల సంగతి చదువుతున్న" అన్న. "చెలకల రాళ్లు ఏరలేక నేను చస్తుంటే, నువ్వు కాలేజీకి పోయి రాళ్లు ఏరుతవా" అన్నడు. ఆ మాటకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇయ్యాల మీతోని చెప్పుకుందామని వచ్చిన.

నేను చదివేటప్పుడే 2009 డిసెంబర్ వచ్చింది. ల్యాబు వదిలి రోడ్డెక్కినం. ఒకసారి నా బ్యాగుల జియాలజీ సుత్తి చూసి పోలీసాయన "ఇదేందిరా" అని నిలదీసిండు. రాళ్లు కొట్టేది సార్ అన్న. అది ఇంకింత తప్పయింది. నీళ్లు, నిధులు, నియామకాలు అని అందరం గొంతు చించుకున్నం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ మూడు మాటలను ఒక్కసారి మీ సబ్జెక్టు మీద పెట్టి చూద్దాం.

మొదలు నీళ్లు. మన రాష్ట్రంల ఎక్కువ భాగం కింద ఉన్నది గ్రానైటు, దాని జాతి రాళ్లు. ఈ రాయి లోపట ఇసుకల లెక్క సందులుండయి. పైన మురిగి మెత్తబడ్డ పొరల, దాని కింద పగుళ్లల్ల మాత్రమే నీళ్లుంటయి. లోతుకు పోయినకొద్దీ ఆ పగుళ్లు తగ్గిపోతయి. మహేశ్వరం దగ్గర ఇండో-ఫ్రెంచ్ భూగర్భ జల పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఏండ్ల తరబడి కొలిచి చెప్పింది ఇదే. కాని మన రైతు ఏం చేసిండు? కొబ్బరికాయ చేతుల పెట్టుకొని నీళ్లు చూసేటాయన మాట విని, అప్పు తెచ్చి, మూడు వందల అడుగుల కాడ పడకపోతే ఆరు వందలకు పోయిండు. నల్లగొండ జిల్లా ముషంపల్లి గురించి మనుషుల కంటె బోర్లు ఎక్కువున్న ఊరని పత్రికలల్ల వచ్చింది. గట్టి రాయి మీద వాన నీళ్లు తొందరగ ఇంకవు కాబట్టే కాకతీయుల కాలంల గొలుసుకట్టు చెరువులు కట్టిండ్రు. పగుళ్లు తక్కువుండుడు రాయి గుణం. చెరువులు పాడుపెట్టి, రైతును బోరు లారీ దిక్కు తోలింది రాజ్యం.

ఫ్లోరైడ్ సంగతి కూడ ఇంతే. మర్రిగూడ పేరు తెల్వని ఉద్యమకారుడు లేడు. వంకర్లు పోయిన కాళ్ల ఫొటోలు ప్రతి సభల పెట్టినం. ఆ ఫ్లోరైడ్ ఎక్కడిది? గ్రానైటుల ఉండే అపటైటు, బయోటైటు, ఫ్లోరైటు లాంటి ఖనిజాలది. నీళ్లు రాయిని ఒరుసుకుంట ఏండ్లకేండ్లు నిలిస్తే అందుల కలుస్తది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముప్పు. మనం సభలల్ల అంతా వివక్షే అన్నం. నిజం చెప్పాలంటే ఫ్లోరైడ్‌ను ఏ ప్రభుత్వం తెచ్చి పోయలే. విషమని తెలిసినంక కూడ తరాల తరబడి జనంతోని అవే నీళ్లు తాపించింది మాత్రం ప్రభుత్వమే. ఈ రెండూ విడదీసి చెప్పేటోడుంటే మన వాదం ఇంకింత గట్టిగుండేది. ఎదుటోడు "అది ప్రకృతి" అని తప్పించుకోకపోతుండె.

రెండోది నిధులు. 1871 ప్రాంతంల జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దిక్కు బొగ్గు ఉన్నదని చూసిండు. 1886ల తవ్వే హక్కు పోయింది లండన్‌ల పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి. 1920ల అది సింగరేణి కాలరీస్ అయింది. బొగ్గు మన గోదావరి లోయది, తవ్వింది మన కూలీలు, కింద ఎంతున్నదో లెక్క రాసుకున్నది వేరేటోళ్లు. 2011 సకల జనుల సమ్మెల సింగరేణి కార్మికులు తట్ట కింద పెడితే, కరెంటు కోతలు మొదలైనంక గాని ఆ నల్లరాయి విలువ పాలకులకు గుర్తుకు రాలే. ఇయ్యాల కంపెనీల 51 శాతం మన రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. కరీంనగర్ గ్రానైటు, తాండూరు నాపరాయి కూడ మనయే. క్వారీ ఎంత లోతుకు పోవచ్చు, పక్క ఊరి బాయిల నీళ్లు ఏమైతయి అని ప్రజాభిప్రాయ సేకరణల నిలబడి అడగాలంటే ఆ నివేదిక చదువ వచ్చినోడు ఊళ్లె ఉండాలె.

2019ల నల్లమల యురేనియం లొల్లి యాదికి తెచ్చుకోండి. చెంచులు, విద్యార్థులు, మేధావులు కొట్లాడితే ఆ సెప్టెంబర్‌ల అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. కృష్ణ దిక్కున్న లంబాపూర్, పెద్దగట్టుల కింద పాత గ్రానైటు, దాని మీద శ్రీశైలం క్వార్ట్‌జైటు. ఆ రెంటికి నడుమ కోట్ల ఏండ్ల తెంపు ఉన్నది. దాన్నే మీరు అన్‌కన్‌ఫార్మిటీ అని చదువుతరు. యురేనియం పట్టుకున్నది ఆ అతుకు పొంటే. పరీక్షల రెండు మార్కుల ప్రశ్న అది, చెంచు పెంటకు బతుకు ప్రశ్న.

ఇంకో సంగతి చెప్పాలంటే గుండె బరువైతది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దిక్కు ఎస్సెల్బీసీ సొరంగం కూలి 8 మంది లోపట్నే చిక్కిండ్రు. మార్చిల ఇద్దరి మృతదేహాలు మాత్రం బయటికొచ్చినయి. వాళ్లు మన నల్లగొండకు కృష్ణ నీళ్లు తెచ్చే పని మీద వచ్చిన జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ బిడ్డలు. ఆ జాగల రాయి వదులు, నీటి ఊట ఎక్కువ. పైన పులుల అడవి. ప్రమాదమైనంక హెలికాప్టర్‌తోని లోపలి పొరలు సర్వే చేసుడు మొదలైంది. వదులు రాయి రాయి తప్పు కాదు. అది ఎక్కడున్నదో ముందే పసిగట్టి, పసిగట్టినోని మాట వినే పద్ధతి ఉండాలె. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ పియర్లు కుంగినప్పుడు కూడ అందరి చూపు పునాది కిందికే పోయింది. ఏ పార్టీ తప్పని టీవీలల్ల కొట్టుకున్నరు. కింద ఉన్న ఇసుక గురించి మాట్లాడే మనోళ్లు ఎంతమంది కనబడ్డరు?

మూడోది నియామకాలు. 1985ల వచ్చిన 610 జీవో కోసం మన ఉద్యోగులు ఎంత కొట్లాడిండ్రో తెలుసు. ఉప్పల్‌ల ఎన్జీఆర్‌ఐ, బండ్లగూడల జియలాజికల్ సర్వే, బేగంపేటల అణు ఖనిజ సంస్థ, మాసబ్‌ట్యాంకుల ఎన్‌ఎండీసీ, అన్నీ మన హైదరాబాద్‌లనే ఉన్నయి. కాని అవి కేంద్రానియి, దేశమంతటికి పోటీ. ఏ జీవో అక్కడ పని చెయ్యదు. యూపీఎస్సీ పెట్టే జియో సైంటిస్ట్ పరీక్షకు ఎమ్మెస్సీ ఉండాలె, ఒట్టి డిగ్రీతోని ఆ తలుపు తెరుచుకోదు. అందుకే మొదటి ఏడు నుంచే తయారుగుండుండ్రి. ఎమ్మెస్సీకి దేశంల మంచి సంస్థలల్ల చేరాలంటే జామ్ పరీక్ష ఉన్నది.

1978ల కొత్తగూడెంల మైనింగ్ చదువు మొదలైంది. 2025ల ఆ కాలేజీనే డాక్టర్ మన్మోహన్ సింగ్ పేరు మీద ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ చేసిండ్రు. సంతోషం. ఇగ అడగవలసింది పక్కా అధ్యాపకులు, ల్యాబులు, ఫీల్డుకు పోయే బస్సు ఖర్చు. ఫీల్డు లేని జియాలజీ ఈత రాని చేపల పట్టుడు అసువంటిది. ఆడపిల్లలను "గుట్టలెక్కలేరు" అని ల్యాబుల కూసోబెడితే ఊకోవద్దు. మన తల్లులు ఎక్కని గుట్టలేదు.

చివరికి ఒక్క పని చెప్తున్న. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకపోండి. ఊళ్లె ఉన్న బోర్లన్ని తిరుగుండ్రి. ఎన్ని అడుగులు వేసిండ్రు, ఎన్నో అడుగుల నీళ్లు పడ్డయి, మట్టి ఎంత లోతు, రాయి ఎక్కడ మొదలైంది, ఎండిందా నడుస్తుందా రాసుండ్రి. తెలుగుల రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించుండ్రి. రేపు ఒక రైతు ఆ కాగితం చూసి ఆరు వందల అడుగులకు పోకుండ ఆగిండంటే, మీ మూడేండ్ల ఫీజు ఎల్లినట్టే.

మా నాయిన అడిగిన మాటకు నా జవాబు గిదే. చెలకల రాయి నువ్వు ఏరుడు నిజమే నాయినా, ఆ రాయి కింద నీ నీళ్లెందుకు లేవో, అందుల రాయి పాత్ర ఎంతో, రాజ్యం పాత్ర ఎంతో చెప్పేటోడు ఇంటికొకడు కావాలె.

జై తెలంగాణ.