తీగ తెగితే పాట ఆగుతుంది

(రేడియో స్త్రీల కార్యక్రమంలో వినిపించిన ప్రసంగం)



ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం వినగానే, "ఇదేమిటమ్మా, ఆడవాళ్ళ కార్యక్రమంలో కరెంటు పని గురించి చెబుతోంది" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. సంగీత వాద్యాలకూ, మైకులకూ తగిలించే కేబుళ్ళ గురించి, అంటే ఆ నల్లటి పొడుగాటి తీగల గురించి, నాలుగు మాటలు చెబుతాను. ఎటువంటి కేబులు కొనాలి, ఇంట్లోనే ఎలా తయారు చేసుకోవచ్చు, దాన్ని ఎలా కాపాడుకోవాలి అన్నదే ఈనాటి ప్రసంగం.

సంగీతం నేర్చుకునే పిల్లలు లేని వీధి ఈ రోజుల్లో ఉందా చెప్పండి. ఒక ఇంట్లో కీబోర్డు, పక్కింట్లో గిటారు, ఎదురింట్లో కాంటాక్ట్ మైకు అతికించిన వీణ. భజన మండళ్ళలో పాడే మన వాళ్ళున్నారు. పాటకచేరీలతోనే ఇల్లు గడుపుకునే స్త్రీలూ ఉన్నారు. వీళ్ళందరి కష్టం శ్రోత చెవిని చేరాలంటే ముందు ఒక తీగ గుండా ప్రయాణం చేయాలి. వాద్యానికి వేలకు వేలు పోస్తాం. కేబులు దగ్గరకు వచ్చేసరికి "ఏదో ఒకటి ఇవ్వవయ్యా" అంటాం. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడడమంటే ఇదే.

ఆ మధ్య మా కాలనీ గుడిలో దసరా ఉత్సవాలకు ఒక అమ్మాయి వీణ కచేరీ పెట్టారు. వర్ణం చక్కగా వాయించింది. ఆలాపన ఎత్తుకున్నదో లేదో, స్పీకర్లలో కరకరమని ఒకటే మోత. పిల్ల కాస్త కదిలితే చాలు, సౌండు పోవడం, మళ్ళీ రావడం. ఒకరు వీణ బాగాలేదన్నారు, ఇంకొకరు యాంప్లిఫయరు పాతదన్నారు. తీరా చూస్తే, కేబులు చివర జాక్ లోపల అతుకు ఊడి, ఒకటి రెండు సన్నటి పోగుల మీద వేలాడుతోంది. ఐదు నిమిషాల్లో అయ్యే మరమ్మతు. కానీ నెలల తరబడి సాధన చేసుకున్న ఆ సాయంత్రం ఆ పిల్లకు మళ్ళీ రాదు కదా!

అందుకని అన్నిటికన్నా ముందు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. కేబులు చాలా వరకు మధ్యలో చెడదు, చివర్లలోనే చెడుతుంది. కాబట్టి కొనేటప్పుడూ, చేసుకునేటప్పుడూ మన కన్ను చివర్ల మీదే ఉండాలి.

ఇక రకాలకు వద్దాం. పైకి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి కాని, మనకు పనికివచ్చే కేబుళ్ళు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది వాద్యాల కేబులు. ఇందులో నడిమధ్య ఒక తీగ, దాని చుట్టూ జడలా అల్లిన రాగి తొడుగు ఉంటాయి. ఆ తొడుగును షీల్డు అంటారు. రెండవది మైకు కేబులు. ఇందులో లోపల రెండు తీగలు, చుట్టూ షీల్డు. మూడవది స్పీకరు కేబులు. ఇందులో లావుపాటి తీగలు రెండు, షీల్డు ఉండదు.

ఈ తేడా ఎందుకంటారా? వీణ నుంచో, మైకు నుంచో వచ్చే విద్యుత్తు చాలా బలహీనమైనది, వోల్టులో వెయ్యోవంతుల లెక్కలో ఉంటుంది. గోడలోని కరెంటు వైర్లు, ట్యూబులైట్లు, సెల్‌ఫోన్లు దాన్ని సులువుగా పాడుచేస్తాయి. అందుకే దానికి షీల్డు అనే గొడుగు కావాలి. యాంప్లిఫయరు నుంచి స్పీకరుకు పోయే విద్యుత్తు మాటకొస్తే, అది బలమైనది. దానికి గొడుగు అక్కర్లేదు, లావుపాటి దారి కావాలి. వాద్యాల కేబులును స్పీకరుకు తగిలిస్తే సన్నటి తీగ వేడెక్కుతుంది, యాంప్లిఫయరుకు కూడా ముప్పు. స్పీకరు కేబులును వీణకు తగిలిస్తే గుయ్యిమని రొద. రెంటికీ ఒకే రకం జాక్ పట్టడం వల్ల ఈ పొరపాటు తరచు జరుగుతుంటుంది.

జాక్ అంటే జ్ఞాపకం వచ్చింది. కాలంగుళం మందం, అంటే 6.35 మిల్లీమీటర్లు ఉండే ఈ జాక్ అసలు సంగీతం కోసం పుట్టలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఒక లైనును మరో లైనుకు కలపడానికి పుట్టింది. 1878లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఎమ్మా నట్ అనే ఆమె తొలి మహిళా టెలిఫోన్ ఆపరేటరుగా చేరారు. ఆ తరవాత ఎన్నో దశాబ్దాలు ఎక్స్ఛేంజిలలో ఈ జాక్‌లను తీస్తూ, పెడుతూ వచ్చింది ఎక్కువగా ఆడవాళ్ళ చేతులే. కనుక ఇది మనకు కొత్త వస్తువేమీ కాదు!

మన సంగీతానికీ ఇది కొత్త కాదు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించి ప్రపంచాన్ని మెప్పించారు. ఆ గమకాలు సభలో చివరి వరసకు చేరడంలో ఒక కేబులుకూ పాత్ర ఉంది మరి.

కొనేటప్పుడు ఏం చూడాలో చెబుతాను. లోపలి తీగ ఒకే లావుపాటి ఊచలా ఉండకూడదు, సన్నటి పోగులు చాలా కలిపి ఉండాలి. ఒంటి తీగను నాలుగుసార్లు వంచితే పుటుక్కుమంటుంది. పోగుల తీగ ఓర్చుకుంటుంది. షీల్డు గట్టిగా, దగ్గరగా అల్లి ఉంటే శ్రేష్ఠం. చుట్టలా చుట్టిన షీల్డు మెత్తగా వంగుతుంది, పని చేయడానికీ సులువే, కాని వాడగా వాడగా సందులు పడుతుంది. వెండి కాగితంలాంటి రేకు షీల్డు గోడలో స్థిరంగా ఉండే వైర్లకు బాగుంటుంది. రోజూ చుట్టీ విప్పీ వాడితే చిరుగుతుంది.

పొడుగు కూడా చూసుకోవాలి. బ్యాటరీ లేని పికప్ ఉన్న గిటారుకు కేబులు మరీ పొడుగైతే పై స్వరాల మెరుపు తగ్గుతుంది. వీణకు అతికించే మామూలు కాంటాక్ట్ మైకు అయితే మొత్తం బలమే తగ్గుతుంది. ఐదారు మీటర్లలో సరిపెట్టుకోవడం మంచిది. "ఎందుకైనా మంచిది, ఇరవై మీటర్లు ఇవ్వండి" అనకండి. జాక్ మరలు విప్పదీసి లోపలి అతుకు చూడడానికి వీలున్నదైతే రేపు మరమ్మతూ చేసుకోవచ్చు. అచ్చు పోసి మూసేసినది చెడితే పారేయడమే. బంగారు పూత చూసి మోసపోకండి. అది తుప్పు పట్టదు, నిజమే. లోపల అతుకు పచ్చిగా ఉంటే పై పూత ఏం చేస్తుంది? పైన పటారం, లోన లొటారం!

మైకు కేబుల్లో రెండు తీగలెందుకని అడుగుతారేమో. త్రాసు ఉంది కదా, దాని రెండు పళ్ళేలలోనూ సమానంగా దుమ్ము పడితే ముల్లు కదలదు. అలాగే బయటి రొద రెండు తీగల మీదా సమానంగా పడుతుంది. పాట మాత్రం ఒక తీగలో సూటిగా, రెండోదానిలో తలకిందులుగా పోతుంది. అవతలి యంత్రం ఆ రెంటి తేడాను మాత్రమే తీసుకుంటుంది. అప్పుడు రొద కొట్టుకుపోయి పాట మిగులుతుంది. అందుకే మంచి మైకు కేబులు ఎంతో దూరం లాగినా రొద పట్టదు.

ఇప్పుడు తయారీ. స్వెట్టర్లు అల్లే చేతులకు, పూసలు గుచ్చే చేతులకు ఇదొక లెక్కలోది కాదు. 25 వాట్ల సాల్డరింగ్ ఐరన్, లోపల రోజిన్ ఉన్న సన్నటి టంకం తీగ, ఒక కట్టరు, చిన్న మల్టీమీటరు ఉంటే చాలు. హైదరాబాదులో ఉన్నవారికి కోఠీ గుజరాతీ గల్లీలో ఈ సామానంతా దొరుకుతుంది. రేకుల పనికి వాడే ఆసిడ్ మాత్రం దీనికి వాడకండి, తీగను తినేస్తుంది.

వాద్యాల కేబులు ఇలా చేయాలి. ముందుగా జాక్ పై మూతనూ, ప్లాస్టిక్ గొట్టాన్నీ కేబులుకు ఎక్కించండి. చేయి తిరిగిన మెకానిక్కులు కూడా ఇది మరిచిపోయి, అంతా అతికాక మళ్ళీ ఊడదీస్తుంటారు. తరవాత పై తోలు రెండు సెంటీమీటర్లు కోయండి. లోపలి పోగులకు గాటు పడకూడదు. షీల్డు పోగులను ఒక పక్కకు తీసి, వత్తి చేసినట్టు మెలిపెట్టండి. కొన్ని మంచి కేబుళ్ళలో షీల్డు కింద నల్లటి ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుంది. అది మామూలు ప్లాస్టిక్ కాదు, కొద్దిగా విద్యుత్తును పోనిస్తుంది. దాన్ని వెనక్కి ఒలిచేయకపోతే సౌండు నీరసపడుతుంది. ఆ తరవాత నడిమి తీగను మూడు నాలుగు మిల్లీమీటర్లు ఒలవండి. తీగ చివరలకూ, జాక్ రెక్కలకూ విడివిడిగా పల్చగా టంకం పట్టించి, అప్పుడు కలపండి. నడిమి తీగ జాక్ మొనకు, షీల్డు జాక్ ఒంటికి.

టంకం వేయడంలో కిటుకు ఒక్కటే. పెనం కాలితే నెయ్యి దానంతట అదే కరిగి పరుచుకుంటుంది కదూ? ఇదీ అంతే. ఐరన్‌తో అతుకునే వేడిచేయండి, టంకం ఆ అతుకు వేడికి కరగాలి. ఐరన్ మొన మీద టంకం కరిగించి బొట్టు పెట్టినట్టు పెడితే పచ్చి అతుకే అవుతుంది. ఆరేదాకా కదపకండి. సీసం కలిసిన టంకం అయితే అతుకు నున్నగా మెరవాలి. సీసం లేనిది కాస్త మందంగానే కనిపిస్తుంది. చివరగా జాక్ వెనుక ఉండే పట్టు పై తోలును గట్టిగా పట్టుకునేలా నొక్కండి. లాగుడంతా ఆ పట్టు మీద పడాలి గాని అతుకు మీద పడకూడదు.

మైకు కేబులు కొసలకు మూడేసి పిన్నులో, మూడేసి రంధ్రాలో ఉంటాయి. వాటి మీద అంకెలు రాసే ఉంటాయి. ఒకటికి షీల్డు, రెండుకు సూటి తీగ, మూడుకు రెండో తీగ. రెండు చివరలా ఒకేలా ఉండాలి. రెండూ మూడూ ఒక చివర తారుమారైతే సౌండు వస్తుంది, దోషం తెలియదు. కానీ పక్కన మరో మైకు పెట్టారంటే గొంతు పీలగా వినిపిస్తుంది.

పని అయ్యాక పరీక్ష. మల్టీమీటరును బీప్ శబ్దం వచ్చే చోట పెట్టండి. మొన నుంచి మొనకు బీప్ రావాలి, ఒంటి నుంచి ఒంటికి బీప్ రావాలి. మొనకూ ఒంటికీ మధ్య రాకూడదు. ఈ పరీక్ష చేస్తూనే రెండు చివరలనూ అటూ ఇటూ వంచి చూడండి. అప్పుడూ బీప్ ఆగకపోతేనే కేబులు నమ్మకమైనది.

జాగ్రత్తలు మరిచిపోకూడదు. ఐరన్ మొన 300 డిగ్రీలు దాటి కాలుతుంది, పిల్లలను దగ్గరకు రానివ్వకండి. కిటికీ తెరిచి పని చేయండి. టంకంలో సీసం ఉంటుంది కనుక వంటగదిలో వద్దు. పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. రెండు చివరలూ ఎక్కడా తగిలించి లేని కేబులునే ముట్టుకోండి. యాంప్లిఫయరు మూత మాత్రం మనం విప్పకూడదు. అది తెలిసినవారి పని.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికన్నా ముఖ్యం. కొన్నిచోట్ల కేబులు బాగున్నా గుయ్యిమని రొద వస్తుంది. అప్పుడు కొందరు యాంప్లిఫయరు ప్లగ్గులోని మూడో పిన్ను, అదే ఎర్తు పిన్ను, పీకేస్తారు. రొద తగ్గవచ్చు. కానీ లోపల ఏదైనా తీగ జారి పెట్టెకు తగిలితే ఆ కరెంటు తీగల మీద చేయి ఉన్న వాళ్ళ మీదకు, మైకుకు పెదవి ఆనించిన వాళ్ళ మీదకు వస్తుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టన్న మాట. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీ నగరంలో లెస్లీ హార్వీ అనే గిటారు కళాకారుడు ఎర్తు సరిగా లేని మైకును ముట్టుకుని వేదిక మీదే ప్రాణం కోల్పోయాడు. మన పిల్లలు వేదిక ఎక్కేముందు "ఎర్తు ఉందా బాబూ?" అని అడగడానికి మొహమాటపడకండి. రొదకు వేరే మందు ఉంది. డీఐ బాక్స్ అనే చిన్న పెట్టె ఉంటుంది. వాద్యం నుంచి వచ్చేదాన్ని అది మైకు కేబుల్లో పోయేలా మారుస్తుంది. అందులో చాలా వాటికి రొద తగ్గించే మీట కూడా ఉంటుంది. ఆ మీట కేబులు షీల్డునే విడదీస్తుంది గాని కరెంటు ఎర్తు జోలికి పోదు.

ఇక సంరక్షణ. కేబులును మోచేతికీ బొటనవేలికీ మధ్య బిగించి చుట్టకండి, లోపల మెలికలు పడతాయి. దాని స్వభావం ఎటు వంగితే అటు వదులుగా గుండ్రంగా చుట్టి, గుడ్డపేలికతో కట్టండి. జాక్ పట్టుకుని ఊడదీయండి, తీగ పట్టుకుని లాగకండి. ఊడదీసేముందు సౌండు తగ్గించండి. కరెంటు వైరు పక్కనే వరసగా పరచకండి, దాటవలసి వస్తే అడ్డంగా దాటించండి. ఒక్కో కేబులుకు ఒక్కో రంగు దారం కట్టుకుంటే మన కేబులు వేరొకరి సంచిలోకి పోదు. కచేరీకి వెళ్ళేటప్పుడు పెట్టెలో రెండో కేబులు తప్పక ఉండాలి.

తీగ లేని మైకులు, బ్లూటూత్‌లు వచ్చాయి కదా అంటారేమో. వాటికి బ్యాటరీ కావాలి. బ్లూటూత్‌లో అయితే సౌండు కాస్త ఆలస్యంగా చేరి తాళం తప్పిస్తుంది. వేదికల మీద కేబులుకు ఇప్పటికీ పని పోలేదు.

ఈ ఆదివారం మీ ఇంట్లో మూలపడి ఉన్న చెడిన కేబులు ఒకటి తీయండి. జాక్ మరలు విప్పి లోపల చూడండి. ఊడిన అతుకు మీ కంటికే కనిపిస్తుంది. మీ అమ్మాయినీ పక్కన కూర్చోబెట్టుకోండి. పాట నేర్చుకున్న పిల్లకు ఆ పాటను మోసుకుపోయే తీగను బాగుచేసుకోవడమూ వస్తే, వేదిక మీద ఎవరి కోసమూ ఎదురుచూడనక్కర్లేదు.