అతిశీతలమున మంచుగడ్డ నిర్మాణము



మన తెలుగు పల్లెలలో మంచు గడ్డకట్టి నేలను కప్పుట లేదు. అయినను వేసవి గాలివానలో వడగండ్లు పడుట మీరందరును చూచినదే. ఆ వడగల్లును అరచేత నుంచుకొన్నప్పుడు అది గట్టిదనియు, చల్లనిదనియు తెలియును. దానిని ఇంకను, ఇంకను చల్లబరచినచో లోపలి అణువులన్నియు తమ తమ తావులలో ఒక క్రమమున కుదురుకొనునా? ఈ చిన్న ప్రశ్న ప్రకృతిశాస్త్రపు మూలసూత్రములలో నొకదానిని పరీక్షకు నిలిపినది. ఆ విషయమును నేడు మీకు మనవి చేసెదను.

నీరు గట్టిపడుటను గూర్చి మన పూర్వులును ఆలోచించిరి. ద్రవత్వము నీటికి స్వభావసిద్ధమైన గుణమనియు, మంచునందును వడగండ్లయందును తేజస్సంయోగముచేత అది ప్రతిబద్ధమగుననియు వైశేషికులు చెప్పిరి. నేటి శాస్త్రము చెప్పు కారణము వేరు. కాని ఒక ధర్మము లేకపోవుట వేరు, ఉండియు అడ్డగింపబడుట వేరు అను వారి వివేకము మనకు ముందు పనికివచ్చును.

నీటి యణువునందు ఆమ్లజని, అనగా ఆక్సిజను, పరమాణువొకటియు, ఉదజని, అనగా హైడ్రోజను, పరమాణువులు రెండును గలవు. మంచుగడ్డలో ప్రతి ఆమ్లజని చుట్టును నాలుగు దిక్కుల నాలుగు ఆమ్లజనులు సమదూరమున నుండును. సెంటీమీటరును పదికోట్ల భాగములు చేసినచో ఆ దూరము 2.76 భాగములు. ఈ అమరికను 1929లో బార్న్సు అను నతడు లండనులో ఎక్స్-కిరణములచే నిర్ణయించెను. తేనెపట్టువలె ఆరు మూలల గదులు ఏర్పడి నడుమ ఖాళీ యుండుటచేతనే మంచుగడ్డ నీటికంటె తేలికయై పైకి తేలును.

ఆమ్లజనుల తావులు తెలిసినవి గాని ఉదజనుల తావులు తెలియలేదు. అవి మిక్కిలి తేలికయైనవగుటచే ఎక్స్-కిరణములకు సరిగా చిక్కవు. 1933లో బెర్నాలు, ఫౌలరు అను నిరువురు రెండు నియమములను ప్రతిపాదించిరి. వానిని ఒక ఊరి పోలికతో చెప్పెదను. ప్రతి యింటినుండియు నాలుగు సందులు బయలుదేరి నాలుగు పొరుగిండ్లకు పోవుచున్నవి. ఒక్కొక్క సందునకు ఒకటే దీపము. అది సందు నడుమ నుండక ఏదో ఒక కొసను, ఒక యింటి వాకిట నుండవలెను. ఇది మొదటి నియమము. ప్రతి యింటి వాకిటను సరిగా రెండే దీపము లుండవలెను. ఇది రెండవది. ఇల్లనగా ఆమ్లజని, దీపమనగా ఉదజని.

ఈ నియమములను తప్పక ఊరి దీపములను ఎన్ని విధముల నమర్పవచ్చును? 1935లో అమెరికా దేశపు పండితుడు లైనసు పౌలింగు దీనిని లెక్కించెను. నాలుగు దీపములలో రెండింటి నేరుకొనుట ఒక యింటికి ఆరు విధములు. కాని ఆ రెండింటిని పొరుగువారు తీసికొనక విడిచియుండవలెను గదా! ఒక్కొక్కదానికి సగము వీలు. రెండింటికి కలిపి నాలుగవ వంతు. ఆరింట నాలుగవ వంతు ఒకటిన్నర. ఈ ఒకటిన్నరను ఎన్ని యిండ్లున్నవో అన్నిమారులు హెచ్చవేయవలెను. పది యిండ్లకు సుమారు 58 విధములు. నూరిండ్లకు పదునెనిమిది అంకెల సంఖ్య. చిన్న మంచుతునకలోని అణువులకు ఈ సంఖ్య ఊహకందదు.

ఇచ్చటనే చిక్కు వచ్చినది. జర్మనీ దేశపు నెర్నస్టు పండితుడు 1906లో ఒక సిద్ధాంతమును తెలిపియుండెను. దాని ఫలితార్థ మిది: చల్లదనము పరమావధికి, అనగా సున్నకు దిగువ 273 డిగ్రీలకు చేరువైనప్పుడు చక్కని స్ఫటికములో క్రమరాహిత్యము మిగులరాదు. ఈ క్రమరాహిత్యపు కొలతను ఎంట్రపీ యందురు. పౌలింగు లెక్క నిజమైనచో మంచుగడ్డలో 18 గ్రాములకు, డిగ్రీకి 0.806 కేలరీ చొప్పున ఎంట్రపీ మిగిలియుండవలెను. 1936లో జియోకు, స్టౌటు అను వారు మంచుగడ్డను అతిశీతలము చేసి, తిరిగి వేడెక్కుటకు కావలసిన ఉష్ణమును మెట్టు మెట్టుగా కొలిచి, లెక్క తేల్చిరి. వచ్చినది 0.82. లెక్కయు కొలతయు ఇంత దగ్గరగా వచ్చుట విశేషము. తరువాత 1949లో వోలను, డేవిడ్సను, షల్లు అను మువ్వురు భారజలపు మంచును న్యూట్రానులచే పరీక్షించి, ప్రతి సందునను దీపము ఈ కొసను సగము, ఆ కొసను సగము పాళ్లలో కనబడుచున్నదని స్థిరపరచిరి.

అట్లయిన నెర్నస్టు సిద్ధాంతము తప్పా? కాదు. మంచుగడ్డయే తన గమ్యమును చేరలేదు. ఒక్క దీపమును ఈ కొసనుండి ఆ కొసకు జరిపినచో ఒక యింట ఒకటియు, మరియొక యింట మూడును అగును. నియమము రెండు చోట్ల చెడును. కావున ఏ దీపమును ఒంటరిగా కదలజాలదు. వెచ్చగా నున్నప్పుడు అచ్చటచ్చట గల లోపముల మూలమున కొంత సర్దుబాటు జరుగును. చలి ముదిరినకొలది ఆ సర్దుబాటు సన్నగిల్లి, ఉన్న గందరగోళము ఉన్నట్లే బిగిసిపోవును. చలి నిశ్చలత నిచ్చినది గాని క్రమము నీయలేదు.

జపాను దేశమున ఒసాకాలోని తజిమ, మత్సువొ, సుగ అను శాస్త్రజ్ఞులు ఈ ముడిని విప్పిరి. వారు నీటిలో కాస్టిక్ పొటాషు అను క్షారమును రవంత కలిపి గడ్డకట్టించిరి. ఆ క్షారములోని ఒక భాగము నీటియణువు తావున చేరును. కాని దానికి రెండు ఉదజనులకు మారు ఒకటే గలదు. అందుచే ఎచ్చటనో ఒక సందు దీపము లేక ఖాళీపడును. పక్కయింటివారు తమ దీపమొకటి ఆ సందులోనికి మార్తురు. వారి సందు ఖాళీయగును. దానిలోనికి మరియొకరు మార్తురు. ఇట్లు ఆ ఖాళీ ఊరంతయు తిరుగును. తిరిగినంతమేర దీపములు సర్దుకొనును. ఆ మంచును అతిశీతలమున కొన్ని దినము లుంచి పరీక్షింపగా, సున్నకు దిగువ 201 డిగ్రీలయొద్ద అది క్రొత్త రూపమునకు మారునని తేలినది. ఈ సంగతిని 1982లో ప్రకటించిరి.

ఈ రూపమునకు పదునొకండవ మంచు అని పేరు. దీనిలో ఆమ్లజనులు దాదాపు పూర్వపు తావులలోనే యుండును. నిలువు సందులలోని దీపములన్నియు ఒకే కొసకు చేరును. మిగిలియున్న ఎంట్రపీలో పెద్దభాగము తొలగిపోవును. మరల వెచ్చబరచి 201 డిగ్రీల గీత దాటించినచో పూర్వపు గందరగోళమే వచ్చును. మంచుగడ్డ రూపములు ఇప్పటికి ఇరువదికి పైగా తెలిసినవి. వానిలో పెక్కింటికి గొప్ప ఒత్తిడి కావలెను. దీనికి చలియు, ఓపికయు, చిటికెడు క్షారమును చాలును. 2015లో ప్లూటో చేరువగా పోయిన వ్యోమనౌక అచ్చట నీటిమంచు పర్వతములను చూచినది. అంతటి చలి గల తావుల పదునొకండవ మంచు సహజముగ నుండవచ్చునని శాస్త్రజ్ఞుల ఊహ.

కారణములన్నియు కూడినను ప్రతిబంధకము తొలగనిదే కార్యము పుట్టదని తార్కికులు చెప్పుదురు. స్వచ్ఛమైన మంచునకు క్రమము వైపు మొగ్గు లేకపోలేదు, దారి లేదు. ఆ దారి నిచ్చినది మలినమని మనము తలచు రవంత క్షారము. ఎన్నో యేండ్లు బడిలో గడపినవాడను గనుక నాకిది బాగుగ బోధపడినది. బెత్తమును చూచి పిల్లలు కిక్కురుమనకుండుట వేరు, చదువు కుదిరి కూర్చుండుట వేరు. ఊరి తగవులందును అంతే. నోరు మూయించినంతనే తగవు తీరదు. ఎవరో ఒకరు కొంత చోటు విడిచినప్పుడే తక్కినవారు సర్దుకొందురు.

ఈసారి వడగండ్లు పడినప్పుడు ఒకదానిని మీ మనుమల చేతిలో నుంచి ఈ దీపముల ఊరి కథ చెప్పుడు. సెలవు.