ఆటస్థలమున చిన్న కెమెరా



సంక్రాంతి దినములలో మన గ్రామములందు కబడ్డీ పందెములు జరుగుట మీరెరుగనిది కాదు. మా చిన్నతనమున దీనిని చెడుగుడు అనెడివారము. ఇసుకలో మడమతో గీచినదే గీత. ఊరి పెద్ద నోటిమాటయే తీర్పు. ఇప్పుడట్లు కాదు. పురుషుల ఆటకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల బరి. కూతకు 30 సెకండ్ల గడువు. ఒక్కొక్క సగమునకు 20 నిమిషములు, నడుమ 5 నిమిషముల విరామము. సమస్తమును కొలతమీదనే నడచుచున్నది. కొలతలు హెచ్చినకొలది తగవులు తగ్గవలసియుండెను. తగ్గలేదు. ఆ తగవులలో ఒకదానికి కారకుడను నేనే కావున, ఆ కథతోనే ఈ ప్రసంగము ప్రారంభించుచున్నాను.

ముప్పది యేండ్లు డ్రిల్లు మాష్టరుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. నిరుటి పండుగకు మా యూరికిని పొరుగూరికిని జరిగిన కడపటి ఆటకు నన్నే రిఫరీగా ఉండుమనిరి. చివరి కూతలో పొరుగూరి పిల్లవాడు మావారి పట్టులో చిక్కి, బోర్లపడి, చేయి మధ్యగీతవైపు చాచెను. గీత అందెనని వారు, అందలేదని మావారు. నేను అందలేదంటిని. మా యూరు ఒక్క పాయింటుతో గెలిచెను. ఆ రాత్రి కుర్రవాండ్రు కొట్టుకొనలేదు గాని, అంతకంటె చెడ్డపని జరిగినది. రెండూళ్ళవారు మాటలు మానుకొనిరి. దాళ్వా కోతలకు వారి కోతయంత్రము మా పొలములకు రాలేదు. మేమును పిలువలేదు.

ఈ యేడు దసరా వెళ్ళిన పిమ్మట మా యూరి కుర్రవాండ్రు నలుగురు నా అరుగుమీదికి వచ్చి, "మాష్టారూ, ఐదువేల రూపాయలు సంఘమునుండి ఇప్పించండి, యాక్షన్ కెమెరా ఒకటి కొంటాం. ఈసారి ఎవరూ ఎవరినీ అనడానికి ఉండదు" అనిరి. సంఘపు సొమ్ము ఊరి సొమ్ము. వస్తువును పరీక్షింపక ఇప్పింపరాదు. పరీక్షించు పనిని నేనే పైన వేసికొంటిని.

యాక్షన్ కెమెరా యనగా అగ్గిపెట్టెలు నాలుగు కలిపి కట్టినంత పరిమాణము గలది. చేత పట్టుకొనునది కాదు. దేనికైన బిగించి వదలివేయునది. దీని పుట్టుక విచిత్రమైనది. నికొలస్ వుడ్‌మన్ అను అమెరికా యువకుడు 2002లో ఆస్ట్రేలియా, ఇండొనీషియా తీరములకు పోయి, పలకపై నిలిచి అలలమీద జారు క్రీడలో, కెమెరాను మణికట్టునకు కట్టుకొని తన ఆటను తానే తీయవలెనని తలచెను. కట్టుటకు పట్టీలు అల్లుటతో మొదలైన పని 2004 నాటికి గోప్రో అను పేరుతో ఫిలిం వేసెడి చిన్న కెమెరాగా బజారునకు వచ్చెను. ఫిలిం పోయి డిజిటల్ విధానము పిమ్మట వచ్చినది. ఇందు గమనింపదగిన సంగతి యేమనగా, ఆయన మొదట ఆలోచించినది కెమెరాను గూర్చి కాదు, పట్టీని గూర్చి. నేను ఈ రెండు నెలలలో నేర్చుకొన్నదియు అదియే. చవుక కెమెరాతో గట్టి గుంజ యున్నచో పని జరుగును. ఖరీదైన కెమెరాకు ఊగెడి గుంజ యున్నచో జరుగదు.

మేము కొన్నది చవుకరకము. పెట్టెపై 4కె అని పెద్ద అక్షరములు. అనగా బొమ్మ అడ్డముగా 3,840, నిలువుగా 2,160 చుక్కలు. వెరసి 80 లక్షలకు పైచిలుకు. ఫుల్ హెచ్‌డి యనబడు రకమున 1,920కి 1,080. అనగా 20 లక్షలకు కొంచెము పైన. వార్తాపత్రికను బడి గోడకంటించి, నాలుగడుగుల దూరమునుండి రెండు విధములను తీసి, పెద్ద తెరపై చూచితిమి. ఒకదానిలో చదువరాని అక్షరము రెండవదానిలోను చదువరాలేదు. చిన్న బొమ్మనే సాగదీసి పెద్ద పేరు పెట్టిరన్నమాట. పలుచని మజ్జిగను పెద్ద కుండలో పోసినంతమాత్రమున చిక్కపడునా? 4కె మాట విడిచి, ఫుల్ హెచ్‌డిలో సెకండునకు 60 బొమ్మలు తీయునట్లు అమర్చుకొంటిమి.

ఈ 60 ఎందులకని పిల్లలను లెక్క కట్టుమంటిని. కూతకు పోయినవాని చేయి సెకండునకు 5 మీటర్ల వేగముతో విసరబడినదనుకొందము. 30 బొమ్మలు తీయునప్పుడు ఒక బొమ్మకును మరియొక బొమ్మకును నడుమ ఆ చేయి దాదాపు 17 సెంటీమీటర్లు, అనగా జానెడుకు కొంచెము తక్కువ, జరిగిపోవును. ఆ జానెడులోనే గీత యుండవచ్చును. 60 తీసినచో 8 సెంటీమీటర్లు. అప్పటికిని సందు ఉన్నది గాని, సగమైనది.

వెలుతురు సంగతియు ఇట్టిదే. పగటిపూట ఒక్కొక్క బొమ్మకు వెలుగు లోనికి పోవు కాలము అత్యల్పము గనుక చేయి స్పష్టముగా కనబడును. మునిమాపున కెమెరా ఆ కాలమును పెంచుకొనును. చేయి పొగవలె అలుముకొనును. చవుక కెమెరాకు ఇది ప్రాణాంతకమైన లోపము. దీపములక్రింద ఆడించినప్పుడు బొమ్మపై నల్లని చారలు ప్రాకుచుండెను. మన కరెంటు సెకండునకు 50 ఆవృత్తులు గలది. దానివలన కొన్ని దీపములు కంటికి తెలియకుండ మినుకుమినుకుమనుచుండును. కెమెరాలో 50, 60 అని ఎన్నుకొను స్థానమొకటి యున్నది. మాది 60పై నుండెను. 50కి మార్చినంతట చారలు చాలవరకు పోయెను. ఈ చిన్నమార్పు తెలియక దీపస్తంభములను మార్పింపబోయితిమి!

బ్యాటరీ గంటన్నర వచ్చునని కాగితముపై వ్రాసిరి. మాకు 70 నిమిషములు వచ్చినది. ఒక ఆటకు చాలును, రెండింటికి చాలదు. కనుక విడి బ్యాటరీ ఒకటి కొనవలెను. నీరు చొరని పారదర్శకపు పెట్టెలో ఉంచి మధ్యాహ్నపుటెండలో నిలిపినప్పుడు అరగంటకే వేడెక్కి తనంత ఆగిపోయెను. ఆ పెట్టె ఈతకు, వానకు పనికివచ్చును గాని మన యెండలకు తగదు. పైగా తెల్లవారుజామున మంచుకు లోపలి తడి అద్దముపై ఆవిరిగా పట్టును. పెట్టె తీసి ఒట్టి చట్రములో బిగించి, పైన తెల్లగుడ్డతో చిన్న నీడ కట్టితిమి.

మెమరీ కార్డు విషయమున మాత్రము పిసినితనము కూడదు. బజారులో పైన 64 అని వ్రాసి లోపల అందులో నాలుగవవంతైన లేని దొంగ కార్డులు గలవు. కొన్నదినమే దానిని నిండుగా నింపి, మొదటినుండి కడపటివరకు తిరిగి చూచుకొనవలెను. పందెమునాడు తెలిసికొనుటకంటె అది మేలు.

ఇక బిగింపు. మొదట వెదురు గుంజ పాతితిమి. చూడవచ్చినవారు దానికి ఆనుకొనిరి. తెరపై బరి యంతయు పడవవలె ఊగెను. కెమెరాతో వచ్చిన రెండువైపుల జిగురుపట్టీని నమ్మి, దుమ్ముపట్టిన రేకుపై అంటించిన మొదటి దినముననే అది ఊడి నేలబడెను. ఆ పట్టీల తయారీదారులు చెప్పు పద్ధతి వేరు. స్థలమును స్పిరిటుతో తుడిచి, గట్టిగా అదిమి, ఒక దినమంతయు కదల్పక విడువవలెను. ఇరువది నిమిషములలో సగము పట్టు, ఒక దినమునకు నూటికి 90 వంతులు, మూడు దినములకు పూర్తి పట్టు వచ్చును. మన పిల్లలకు ఇరువది నిమిషములే యుగము. తుదకు మా వడ్రంగి ఇనుపగొట్టము నొకదానిని రెండడుగుల లోతున పాతి, సిమెంటు పోసి, చుట్టును తాడు కట్టి ప్రేక్షకులను దూరముంచెను. కెమెరా మర ఊడినను క్రిందపడకుండ చేపల గాలమునకు వాడు నైలాను దారముతో గొట్టమునకు కట్టితిమి. ప్లాస్టిక్ మరను అతిగా బిగించినచో పళ్ళరిగిపోవును. వ్రేళ్ళతో బిగినంత చాలును.

ఎచ్చట పాతవలెను? ఇదే అసలు ప్రశ్న. పిల్లలు బరి యంతయు కనబడునట్లు మూలను పాతుదమనిరి. ఈ కెమెరాల కటకము మిక్కిలి విశాలము. అంచులయందలి తిన్నని గీతలను విల్లువలె వంచి చూపును. అట్టి గీతపై తీర్పు చెప్పుట ఎట్లు? అయితే బొమ్మ నట్టనడుమగా పోవు గీత మాత్రము వంగదు. తాపీమేస్త్రి గోడ తిన్ననగునో కాదో చూచుటకు ప్రక్కనుండి చూడడు. దారము కొననుండి ఒక కన్ను మూసి చూచును. మేమును అట్లే మధ్యగీత కొసకు రెండు మీటర్ల వెలుపల, మనిషి యెత్తునకు ఒక హస్తము పైగా కెమెరా నిలిపి, గీత బొమ్మలో క్రిందినుండి పైకి నడుమగా వచ్చునట్లు వంచితిమి. చూపు వెడల్పును ఇరుకునకు మార్చితిమి. విశాలముగా నున్నప్పుడు ఆ కొసన గీత రెండు మూడు చుక్కల మందమే. ఇరుకు చేసినప్పుడు వ్రేలికొన కానవచ్చెను.

ఆటగాని రొమ్మునకో తలకో కట్టుదమను మాటయు వచ్చెను. నేను ఒప్పుకొనలేదు. ఒకరిపై నొకరు పడు ఆటలో గట్టి ప్లాస్టిక్ ముక్క ఎవని కంటికి తగులునో చెప్పలేము. సైకిలు పందెములకు మాత్రము వేరు మాట. మా తమ్ముని మనుమడు సైకిలు తొక్కును. వానికొరకు హ్యాండిలుపై బిగించి చూచితిమి. గుంతలదారిలో బొమ్మ జున్నువలె వణకెను. ఇట్టి కెమెరా బొమ్మను ఒక్కసారిగా గాక పైవరుసనుండి క్రిందివరుసకు వరుసగా చదువును; నడుమ అదురు వచ్చినచో వరుసలు జారి బొమ్మ వంకరయగును. రొమ్ముపట్టీకి కట్టినప్పుడు వాని చేతులు, నడుము ఆ యదురును మ్రింగినవి. శిరస్త్రాణముపై బిగించిన దృశ్యము చక్కగా నుండును గాని, పడినప్పుడు ఆ ముక్కయే దెబ్బను ఒకచోటికి చేర్చు భయమున్నది. కేరళలో మోటారు వాహనములశాఖ 2022లో ద్విచక్రవాహనదారుల శిరస్త్రాణములపై కెమెరాలను నిషేధించినది. మా వాడు కొంచెము అలిగి, రొమ్ముపట్టీకే ఒప్పుకొనెను.

ఆడపిల్లల జట్టునకు మా యూర 12కు 8 మీటర్ల బరి వేరుగా నున్నది. వారి ఆటను తీయుటకు ముందు ఆ తల్లిదండ్రులను అడిగితిమి. కార్డు ప్రధానోపాధ్యాయురాలి బీరువాలో నుండును. జట్టు తప్ప ఇతరులు చూడరాదు. దీనిని కుర్రవాండ్రు చాదస్తమనిరి. చాదస్తమే కానిండు.

గుంజ నిలిచిన మరునాడు ఒక పరీక్ష చేయ మనసైనది. నిరుడు నేను నిలిచిన చోట, నా కన్నుల యెత్తున మరియొకరి ఫోనును నిలిపితిని. ఆనాటి పట్టునే పదిసార్లు ఆడించితిని. పది సారులును కూతవాడు గీతను వ్రేలితో తాకవలెనని ముందే చెప్పియుంటిని. గొట్టముమీది కెమెరాలో తొమ్మిదిసార్లు వ్రేలు కనబడెను. ఒకసారి తోటివాని మోకాలు అడ్డుపడెను. నేను నిలిచిన చోటి ఫోనులో మూడుసార్లే కనబడెను. తక్కిన ఏడుసార్లు పట్టువాని వీపు తప్ప మరేమియు లేదు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిరుడు ఆ పిల్లవాని చేయి గీత నందెనో లేదో కెమెరా ఇప్పుడు చెప్పజాలదు. కాని ఒక సంగతి చెప్పినది. నాకును వాని చేతికిని నడుమ ఒక వీపుండెను. నేను "చూడలేదు" అనవలసిన చోట "అందలేదు" అంటిని. మా యూరు గెలువవలెనను కోరిక ఆ మాటలో ఎంత పాలున్నదో నాకే తెలియదు.

మరునాడుదయమున పొరుగూరు పోయితిని. పిల్లవాని తండ్రి చావిడిలో గేదెను పితుకుచుండెను. ఏడాది తరువాత గుమ్మమున నన్ను చూచి, కూర్చుండుమనకుండగనే పాలు పితుకుట ముగించెను. పిమ్మట మంచము వాల్చి, "చెప్పండి మాష్టారూ" అనెను. ఉన్నదున్నట్లు చెప్పితిని. ఆయన చాలసేపు ఊరకుండి, లోపలికి తిరిగి కొడుకును పిలిచి, "మాష్టారేదో అంటన్నారు, నువ్వే విను" అనెను.

ఆ పిల్లవాడు విన్నాడు. అందెనని గాని, అందలేదని గాని అనలేదు. ఫోనులో ఆ పది పట్లను రెండుమారులు చూచి, తొమ్మిదవ పట్టుకడ ఆపి, మోకాలు అడ్డువచ్చిన చోటు వ్రేలితో చూపి, "ఈ కొసన ఒక్కటే పెట్టారు. ఆ కొసనా ఒకటి ఉంటే ఇదీ కనపడేది కదా మాష్టారూ?" అనెను. నిజమే. మాకు తోచలేదు. మా సంఘమున రెండవదానికి సొమ్ము లేదంటిని.

మొన్న వారి యూరివారు కబురంపిరి. రెండవ కెమెరా వారు కొందురట. గొట్టము మాత్రము మా వడ్రంగియే పాతవలెనట, సిమెంటు ఎంత పోసెనో వారికి తెలియదు గనుక. ఎల్లుండి మా వడ్రంగి గునపముతో వారి యూరికి బయలుదేరుచున్నాడు. నేనును వెంట పోవుదును.